పై నుంచి లెక్క

మూడోసారి కూడా లేవలేదు.

నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు గబగబా పైకి పాకి ఒక్కచోట ఠక్కున ఆగిపోయాయి. హర్షిణి కీబోర్డు మీద నుంచి చేతులు తీసి తల పట్టుకుంది. తలుపు పక్క స్టూలు మీద కూర్చున్న నర్సింగం లేచి నిలబడ్డాడు. ఆ ఇంగ్లీషు అక్షరాలు అతనికి చదవడం రాదు. కానీ ఫ్యాన్ల చప్పుడు తెలుసు. పన్నెండు కంప్యూటర్ యంత్రాలూ పనిచేస్తుంటే ఆ గదిలో కందిరీగల గూడు కదిపినట్టుంటుంది. పొద్దుటి నుంచి నాలుగింటి చప్పుడే వస్తోంది. మిగతా ఎనిమిదీ ఒక్కసారి గట్టిగా ఊపిరి పీల్చి, ఆ తర్వాత ఉలకవు, పలకవు.

"ఏమంటాంది బిడ్డా?"

"గదే మాట కాకా. డిస్కు కనబడ్తలేదట. డిస్కు దాని కడుపులనే ఉన్నది. దానికే కనబడ్తలేదట."

"ముసలిదైంది. అద్దాలు పెట్టాలెనేమో."

హర్షిణి నవ్వలేదు. గోడ గడియారం పన్నెండుంబావు చూపిస్తోంది. ఆమె చూపు దాని మీదికి వెళ్లి వచ్చింది.

మూడింటికి రెండో షిఫ్టు గనిలోకి దిగాలి.

గోదావరిఖని శివారులో ఉన్న ఆ ఓపెన్‌కాస్టు గని మీద నాలుగు రోజులుగా వాన కురిసి నిన్న రాత్రే తెరిపిచ్చింది. మెట్లు మెట్లుగా తవ్వుకుంటూ పోయిన గొయ్యికి ఉత్తరపు గోడ ఎనిమిది తాటిచెట్ల ఎత్తుంటుంది. దాని అడుగున బొగ్గు. బొగ్గు తవ్వేవాళ్లు షిఫ్టుకు నలభై రెండు మంది. ఆ గోడను ఎదుటి గట్టు మీద నుంచి ఒక రాడార్ రాత్రింబవళ్లు చూస్తుంటుంది. గోడ వెంట్రుకవాసి కదిలినా ఆ చూపు ఈ గదిలోని యంత్రాలకు అందుతుంది. అవి లెక్క కట్టి రంగుల పటం గీస్తాయి. పటం పచ్చగా ఉంటే దిగొచ్చు, ఎర్రగా ఉంటే పరుగెత్తాలి. లెక్క తేలాలంటే కనీసం ఎనిమిది యంత్రాలు కలిసి పనిచేయాలి. ఇప్పుడు లేచినవి నాలుగే. అంటే గోడకు కాపలా లేదు. మొదటి షిఫ్టును ఉదయం దక్షిణం వైపు పనికి మళ్లించారు. అక్కడి పని మధ్యాహ్నానికి అయిపోతుంది.

తలుపు తోసుకుని సర్వే ఆఫీసరు పృథ్వీరాజ్ వచ్చాడు. రాజమండ్రి వైపు మనిషి. ముట్టుకుంటే వేలు తెగేలా ఇస్త్రీ చేసిన చొక్కా, ఇవాళ చంకల కింద తడిసి ఉంది.

"ఏంటమ్మా, ఇంకా ఎంతసేపు? మేనేజరు గారు రెండుసార్లు ఫోన్ చేశారు. మూడింటికి పటం రాకపోతే కళ్లతో చూసి దింపేస్తానంటున్నారు."

"కండ్లతోటి ఏం కనబడ్తది సార్? వాన పడ్డ గోడ."

"నాకు తెలీదా? ఆయనకి చెప్పు." పృథ్వీరాజ్ గొంతు తగ్గించాడు. అది మరీ భయంకరంగా ఉంది. "శనివారం కెర్నెల్ మార్చింది నువ్వేగా?"

కెర్నెల్ అంటే ఏమిటో నర్సింగానికి హర్షిణే ఒకసారి చెప్పింది. యంత్రానికి కరెంటు రాగానే అన్నిటికన్నా ముందు మేల్కొనే ప్రోగ్రాం. ఇంట్లో పొద్దున్నే లేచి పొయ్యి ముట్టించి అందరినీ లేపే అవ్వలాంటిది. అవ్వ లేవకపోతే ఇల్లు లేవదు.

"నేనే మార్చిన సార్. అందుకే పాత కెర్నెల్‌తోటి కూడా చూసిన. దానితోటి కూడా లేస్తలేవు. తప్పు అందులోది కాదు."

"మరెందులోది? నిన్నటిదాకా పద్నాలుగు నెలలు ఏ తంటా లేకుండా పనిచేశాయి. మధ్యలో ముట్టుకుంది నువ్వొక్కదానివే." అతను చేతిలోని ఫైలును తొడకేసి కొట్టుకున్నాడు. "నీ కాంట్రాక్టు ఇవాళ్టితో అయిపోతోంది, గుర్తుందా? పొడిగించే కాగితం నా బల్ల మీదే ఉంది. నేనేం రాయాలో నువ్వే చెప్పు."

తలుపు మూసుకుంది. హర్షిణి మళ్లీ తెర ముందు కూర్చుంది. బసంత్‌నగర్ నుంచి రెండు బస్సులు మారి వస్తుంది ఆ పిల్ల. తండ్రి సిమెంటు బస్తాలు మోసి నడుం విరగ్గొట్టుకున్నాడు. ఇంట్లో నెలనెలా జీతం తెచ్చేది ఆమె ఒక్కతే.

"నిన్న పూజల ఏమన్న కదిలిచ్చినవా కాకా?"

"దుమ్ము దులిపిన బిడ్డా, గంతే. ఒక్క వైరు కూడ ముట్టుకోలే."

అది నిజమే. అతనికి తెలిసినంతవరకు.

ఆయుధపూజ ఎల్లుండి. కానీ నర్సింగం ఇవాళ రిటైరవుతున్నాడు. చివరిసారి పూజ తన చేతుల మీదుగా జరగాలని అడిగితే సెక్షన్ వాళ్లంతా ఒప్పుకుని నిన్న సాయంత్రానికి జరిపారు. గనిలో ఈ పూజకు ఎంత పెద్ద యంత్రమైనా ఆగుతుంది. షవెల్, డంపర్, వెల్డింగు మిషను, చివరికి క్యాంటీన్ గ్రైండరు కూడా. వానకు గనిలో పని ఎలాగూ ఆగే ఉంది కాబట్టి హర్షిణి యంత్రాలన్నీ పద్ధతిగా ఆపి నాలుగింటి బస్సుకు వెళ్లిపోయింది. ఏటా నర్సింగం పైపైన గుడ్డతో తుడిచి బొట్టు పెట్టేవాడు. నిన్న మాత్రం మనసు ఒప్పలేదు. చివరిసారి. యంత్రాల ముందు భాగంలో సొరుగుల్లా బిగించి ఉండే డిస్కులను ఒక్కొక్కటే బయటికి లాగాడు. ఎంత బొగ్గు దుమ్ము! పెయింటు బ్రష్షుతో దులిపి, పట్టు గుడ్డ మీద వరసగా పేర్చి, పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టాడు. డిస్కుల మీద మార్కర్‌తో రాసిన అంకెలు చూసుకుంటూ ఒకటి నుంచి పన్నెండు దాకా ఏదీ తప్పిపోకుండా మళ్లీ ఎక్కడివక్కడ పెట్టాడు. అంకెలు అతనికి వచ్చు.

పొడుగాటి మనిషి. భుజాలు ముందుకు వంగిపోయాయి. పద్దెనిమిదేళ్లు భూగర్భంలో తలొంచుకుని నడిచిన వంపు అది. నుదుటి మీద చర్మం లోపల నీలంగా నాలుగు మచ్చలు, ఎన్నిసార్లు స్నానం చేసినా పోని బొగ్గు. ఎడమ చేతికి చివరి రెండు వేళ్లు లేవు. పైకొచ్చి ఈ గదిలో కూర్చుని కూడా పద్దెనిమిదేళ్లయింది. ఏసీ నీళ్లు పారబోయడం, చెప్పులు బయట విప్పించడం, ఎలుకలు రాకుండా చూడడం. అతను వస్తే ఎవరూ తలెత్తి చూడరు. రాకపోతే సాయంత్రానికి గాని తెలియదు.

ఒంటిగంటన్నర అయింది. హర్షిణి టిఫిన్ డబ్బా మూత కూడా తీయలేదు. చచ్చిన వాటిని వదిలేసి, లేచిన నాలుగింటి ముందుకు తెర ఉన్న బండిని తోసుకెళ్లింది. ఉన్నట్టుండి ఆమె వేళ్లు ఆగాయి.

"ఇదేంది?"

"ఏమైంది?"

"ఇది అయిదో మిషను కాకా. తన పేరు ఎనిమిది అని చెప్తాంది."

నర్సింగం దగ్గరికి వచ్చి చూశాడు. నిలువుటి ఇనుప చట్రంలో ఒకదాని మీద ఒకటి పన్నెండు యంత్రాలు. పై నుంచి వేలు పెట్టి లెక్కించాడు. "ఎనిమిదోదే కద బిడ్డా. సక్కగనే చెప్తాంది. పై నుంచి ఎనిమిది."

"పై నుంచి కాదు కాకా. వీటిని కింది నుంచి లెక్క పెడ్తరు. నేలకున్నది ఒకటి, నెత్తి మీదిది పన్నెండు."

ఆమె మామూలుగా అనేసి మళ్లీ తెర వైపు తిరిగింది. నర్సింగం అక్కడే నిలబడిపోయాడు.

గనిలో లెక్క ఎప్పుడూ పై నుంచే. బొగ్గు పొరల్లో ఒకటో సీమ్ పైన, నాలుగో సీమ్ అడుగున. ఓపెన్‌కాస్టులో మెట్లయినా అంతే, నేల నుంచి లోపలికి. ముప్పై ఆరేళ్లుగా ఆ వరసే తెలుసు. నిన్న పసుపు చేతులతో ఒకటో నంబరు డిస్కు తీసుకుని అన్నిటికన్నా పైనున్న యంత్రంలో పెట్టాడు. పన్నెండోది నేలకు తాకే యంత్రంలో పెట్టాడు. యంత్రాల మీద అంకెలు లేవు. ఎప్పుడో అంటించిన చీటీలు ఎప్పుడో రాలిపోయాయి.

"బిడ్డా," అన్నాడు మెల్లగా, "ఒకదాని డిస్కు ఇంకోదాంట్ల పెడితే ఏమైతది?"

"ఒక్క తీరు మిషన్లయితే లేస్తది. ఇవి మూడు తీర్లు కద. కింది నాలుగు పాతయి, నడిమి నాలుగు ఒక కంపెనీవి, పై నాలుగు కొత్తయి. జల్ది లేవాలెనని నేను ఒక్కో డిస్కుల దాని మిషనుకు కావల్సిన సామానే పెట్టిన. కొత్తదాని డిస్కు తీసి పాతదాంట్ల పెడితే..." ఆమె మాట మధ్యలో ఆగింది.

తలుపు తెరుచుకుంది. పృథ్వీరాజ్.

"మేనేజరు గారు రమ్మంటున్నారు. ఇప్పుడే. రాతపూర్వకంగా కావాలట, ఏం జరిగిందో."

"సార్, అయిదు నిమిషాలు..."

"ఇప్పుడే అన్నాను!"

హర్షిణి నర్సింగం వైపు ఒక్కసారి చూసి బయటికి నడిచింది. రెండు గంటల పది నిమిషాలు.

గదిలో అతనొక్కడే మిగిలాడు.

బయటికి వెళ్లి చెప్పేయొచ్చు. కారిడార్‌లో పరుగెత్తి, సార్ నేను చేసిన అంటే సరిపోతుంది. కానీ నాలుగింటికి వీడ్కోలు సభ, శాలువా. భార్య పూలమ్మ కొత్త చీర కట్టుకుని వస్తుంది. ముప్పై ఆరేళ్లలో ఒక్క చార్జిషీటు లేని మనిషి అని నోటీసు బోర్డు మీద రాశారు కూడా. సర్వీసు చివరి రోజున చార్జిషీటు! ఎవరికీ తెలియకుండా సరిచేసేస్తే? యంత్రాలు లేస్తాయి, ఆ పిల్లను ఎవరూ ఏమీ అనరు. అంతా సుఖమే.

ఇలాగే ఒకసారి అనుకున్నాడు. భూగర్భంలో, వేళ్లు పోయిన రోజున. ఆ పొద్దు పైకప్పు గొణుగుతోంది, పోవద్దని జోడీగా పనిచేసే బుచ్చన్న అన్నాడు. పని పురమాయించే ఓవర్‌మన్ ఒక బూతు తిట్టి లోపలికి పంపాడు. కప్పు కూలింది. బుచ్చన్న పోయాడు. వారం తర్వాత విచారణలో "ఎవరు పంపారు?" అని అడిగితే, కట్టు కట్టిన చేయి ఒళ్లో పెట్టుకుని, "నేను చూడలే సార్" అన్నాడు నర్సింగం. బుచ్చన్న తనంతట తానే వెళ్లాడని కాగితాల మీద రాశారు. నెల తిరక్కుండా నర్సింగానికి పైన డ్యూటీ వచ్చింది. చల్లటి గది. ఏసీ.

అతను మొదటి యంత్రం బటన్ మీద వేలు పెట్టి నొక్కి పట్టుకున్నాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. ఆగింది. పన్నెండూ ఆపాడు. గది స్మశానంలా నిశ్శబ్దమైంది. డిస్కులన్నీ లాగి నేల మీద పరిచాడు. ఒకటో నంబరు తీసుకుని మోకాళ్ల మీద కూర్చుని నేలను తాకే యంత్రంలోకి తోశాడు. టక్. రెండోది దాని పైన. టక్. ఏడో దాని దగ్గర చేయి జారింది. డిస్కు కింద పడబోయి మోకాలి మీద ఆగింది. పన్నెండోది పెట్టేసరికి రెండూ ఇరవై ఎనిమిది.

ఒక్కొక్క బటన్ నొక్కుతూ వచ్చాడు. ఫ్యాన్లు ఒక్కసారి అరిచి తగ్గాయి. తగ్గి అలాగే ఉండిపోయాయి. నర్సింగం చట్రానికి చెవి ఆనించాడు, పూర్వం గడ్డపారతో కప్పును తట్టి చెవి పెట్టినట్టు. ఏమీ లేదు. ఏమీ లేదు. అప్పుడు అడుగు నుంచి ఒకటి గొంతు సవరించుకుంది. దాని పైన మరొకటి. గది నిండా కందిరీగలు లేచాయి.

హర్షిణి రెండూ ముప్పై ఎనిమిదికి వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఎట్ల లేచినయి?"

"ఏమో బిడ్డా. ఒకసారి బంద్ చేసి మళ్ల నొక్కిన."

ఆమె తెర ముందుకు ఉరికింది. అయిదు తనను అయిదు అంటోంది. ఎనిమిది తనను ఎనిమిది అంటోంది. వంగి ఒక డిస్కు అంచును చూసింది. సందులో పసుపు. చాలాసేపు ఆ పసుపును చూసింది. తర్వాత రాడార్ లెక్కను మొదలుపెట్టింది.

రెండూ నలభై తొమ్మిది. బయట షిఫ్టు బస్సు ఇంజను వినిపిస్తోంది. తెర మీద పటం ముక్కలు ముక్కలుగా పరుచుకుంది. పచ్చ. పచ్చ. పచ్చ. ఉత్తరపు గోడ నడుముకు వచ్చేసరికి అరచేయంత ఎరుపు.

హర్షిణి ఫోన్ అందుకుంది. "సార్, ఆపుండ్రి! బస్సు ఆపుండ్రి! నడిమి మెట్టు కదుల్తాంది... అవు సార్, ఇప్పుడే... లేచినయి సార్, అన్ని లేచినయి!"

బస్సు గేటు దాటలేదు. నాలుగు గంటలకు అయిదు నిమిషాల ముందు గోడ నడిమి మెట్టు నుంచి రెండు డంపర్ల మట్టి జారి కింద పడింది. అక్కడ ఎవరూ లేరు.

మైకు బాగు చేస్తున్న చప్పుడు హాల్లోంచి వస్తోంది. నర్సింగం ఇంకా స్టూలు మీదే కూర్చుని ఉన్నాడు. హర్షిణి టిఫిన్ డబ్బాను సంచిలో పెట్టుకుంటోంది.

"మేనేజరు గదిల ఏం రాసిచ్చినవ్ బిడ్డా?"

"ముట్టుకున్నది నేనొక్కదాన్నే కద, రాయాల్సిందే అన్నరు. నా కెర్నెల్ తోటే అయిందని రాసిన. రేపటి నుంచి రావద్దన్నరు."

"నువ్వెందుకు రాసినవ్?"

"అప్పుడు నాకు అనుమానమే, పక్కా తెల్వదు కద." ఆమె సంచి జిప్పు లాగింది. "ఇప్పుడు తెలిసింది. గియ్యాల నీ రోజు కాకా. ఊకో. నాకింక నలభై ఏండ్ల నౌకరి ఉన్నది, యాడనో ఒకకాడ దొరుకుతది. మీ ఆమె వచ్చి కూసున్నది, పో."

హాల్లో అరవై మంది దాకా ఉన్నారు. ముందు వరసలో పూలమ్మ, తల్లో బంతిపూలు. సాయంత్రం బతుకమ్మ ఆడడానికి కూడా ఆ చీరే. ఫోర్‌మన్ సదయ్య శాలువా విప్పుతూ, "ఏందిరో పెండ్లికొడుకా, మొఖం గట్ల పెట్టినవ్? ఇంటికాడ పని చెప్తదని భయమా?" అన్నాడు. అందరూ నవ్వారు.

పృథ్వీరాజ్ మైకు తీసుకున్నాడు. బస్సు ఆగినందుకో, గోడ కూలినప్పుడు కింద ఎవరూ లేనందుకో, అతని గొంతులో పొద్దుటి కరుకు లేదు. "ముప్పై ఆరేళ్లు. ఒక్క చార్జిషీటు లేదు. ఇవాళ కూడా చూడండి, చదువుకున్నవాళ్లు పాడుచేసిన దాన్ని మన నర్సింగం ఒక్క బటన్ నొక్కి సరిచేశాడు. నలభై రెండు మందిని కాపాడాడు!"

చప్పట్లు హాలు కప్పును ఎగరగొట్టేలా మోగాయి. ఆ చప్పట్ల మధ్య, చివరి వరసలో, హర్షిణి లేచింది. మెడలోని గుర్తింపు కార్డు తీసి, తాడును దాని చుట్టూ చుట్టి, తను కూర్చున్న కుర్చీలో పెట్టింది. నాలుగున్నర బస్సుకు వెళ్లిపోయింది. ఎవరూ తలతిప్పి చూడలేదు.

శాలువా భుజాల మీద పడింది. మైకు చేతికిచ్చారు. నర్సింగం దాన్ని మూడు వేళ్లతో పట్టుకున్నాడు.

"మాట్లాడు బావా!" వెనక నుంచి ఎవరో కేక వేశారు.

"నాకు మాట్లాడరాదు," అన్నాడు. మళ్లీ మొదలుపెట్టాడు. "సార్, ఆ మిషన్లు పొద్దుగాల ఎందుకు లేవలేదో నాకెరుక."

పృథ్వీరాజ్ నవ్వుతూ మైకు కోసం చేయి చాపాడు. "ఇప్పుడవన్నీ ఎందుకు నర్సింగం? అయిపోయిందిగా. కూర్చో, స్వీట్లు పంచుతారు."

నర్సింగం మైకు ఇవ్వలేదు. పూలమ్మ అతని మొహం చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. హాలు నెమ్మదిగా సద్దుమణిగింది.

"అయిపోలే సార్. ఒకసారి నన్ను అడిగిన్రు, చూడలేదని చెప్పిన. గియ్యాల ఎవ్వలు అడగలే, అయినా చెప్త." చివరి వరసలోని ఖాళీ కుర్చీని, అందులో చిన్న ఫొటోతో వెల్లకిలా పడున్న కార్డును చూస్తూ మాట్లాడాడు. "పూజకని డిస్కులు బయటికి గుంజిన. మనం సీమ్ లెక్క పెట్టినట్టు పై నుంచి పెట్టిన. అవి కింది నుంచట. ఆ పిల్ల రాసిచ్చిన కాగితం చింపుండ్రి సార్. చింపి వేరే రాయుండ్రి, నేను ఏలుముద్ర కాదు, సంతకమే పెడ్త."

"ఏమని రాయాలి నర్సింగం?" పృథ్వీరాజ్ గొంతు మైకు లేకుండానే హాలంతా వినిపించింది.

"తప్పు చేసినోని పేరు రాయుండ్రి సార్. గుండేటి నర్సింగం."